కొలతలమ్మ సైటు సర్దిన రోజులు

మార్చి 4, సోమవారం

ఓనరు ఇవాళ అందరినీ కూర్చోబెట్టి కొత్త మంత్రం చెప్పాడు. "మీ సైటు, మీ చేతుల్లో." ఇకనుంచి క్లయింట్లు వాళ్ళ సైట్లు వాళ్ళే మార్చుకుంటారట. కోడ్ అక్కర్లేదు, మనమూ అక్కర్లేదు. పేజీ మీదే ఎడిటర్ తెరుచుకుంటుంది. అక్షరం మీద నొక్కితే అక్షరం మారుతుంది, బొమ్మను పట్టుకుని లాగితే బొమ్మ జరుగుతుంది. "కుర్చీ జరిపినంత తేలిక" అని రెండుసార్లు అన్నాడు.

పదకొండేళ్ళుగా ఈ ఆఫీసులో పేజీలు గీస్తున్నాను. ఇకమీదట నా పని క్లయింట్ల దగ్గరికి వెళ్ళి, నేను గీసింది ఎలా చెరపాలో వాళ్ళకి నేర్పడం.

జాబితాలో మొదటి పేరు కొలతలమ్మది. ఒరిగిన పాదాలకీ, ఒకటి పొట్టి ఒకటి పొడుగు కాళ్ళకీ, షుగరుతో పుళ్ళు పడే పాదాలకీ కొలిచి బూట్లు కుట్టే ఆవిడ. అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ లేరు. నేను వెబ్ డిజైన్ పోటీకి పంపింది ఆవిడ సైటే. నా చేతి మీదుగా వెళ్ళిన వాటిలో అదొక్కటే నాదని చెప్పుకోగలిగింది. జడ్జీలు పదకొండో తారీఖు నుంచి వచ్చే నెల అయిదు దాకా ఎప్పుడైనా తెరిచి చూస్తారు.

"ఆ ఒక్కటీ పోటీ అయ్యేదాకా వదిలెయ్" అని ఓనరుని అడిగాను.

"ఎలా వదలను? అందరికంటే ముందు అడిగిందే ఆవిడ" అన్నాడు.

మార్చి 6, బుధవారం

కొలతలమ్మ దగ్గరికి వెళ్ళాను. రెండు గదులు. వెనక గదిలో మిషను ముందు కొడుకు. ముందు గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా చెక్క పాదాలు. వచ్చినవాళ్ళ పాదం ఎలా ఉంటే అలా చెక్కించిన అచ్చులు. మడమ మీద పెన్సిలుతో పేర్లు. జతలే కానీ ఏ జతా జతగా ఉండదు.

"ఇక్కడ నొక్కి టైపు చేయండమ్మా."

"నొక్కితే ఏమీ కాలిపోదు కదా?"

"కాలదు."

"పాత అక్షరాలు ఎక్కడికి పోతాయి?"

"పోవు. ఎవరు ఎప్పుడు ఏది మార్చారో అంతా లోపల దాచుకుంటుంది. కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు."

ఇరవై నిమిషాల్లో పట్టేసింది. మౌస్‌ని కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, మూడు వేళ్ళతో. ఫోను నంబరు తనే మార్చి, తనే సేవ్ చేసి, కళ్ళద్దాల మీదుగా నన్ను చూసింది.

"ఇంత తేలికా! మరి పోయినేడు ఇదే నంబరు మార్చమంటే నాలుగు రోజులు పట్టిందేం తల్లీ?"

వెనక గదిలో కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను.

ప్రతి మెట్టూ నోట్‌బుక్‌లో రాసుకుంది. ఎందుకంత శ్రమ, ఫోన్ చేస్తే చెప్తాగా అన్నాను. "మా అమ్మ ఆఖరి ఆరేళ్ళూ నన్ను 'ఎవరమ్మా నువ్వు' అనే అడిగింది. ఆ మతిమరుపు రక్తంలో దిగుతుందంటారు. నాకు అరవై ఏడు. అందుకని అన్నీ రాసిపెట్టుకుంటా" అంది. ఏదో రేషన్ కార్డు గురించి చెప్పినంత మామూలుగా.

మార్చి 7

ఏమీ మార్చలేదు. నాలుగుసార్లు చూశాను.

మార్చి 9, శనివారం

మార్చింది.

తెల్లటి పేజీ, మధ్యలో ఒకే ఒక బూటు, కింద బూడిదరంగు సన్నని అక్షరాల్లో ఒక్క వాక్యం. నేను చేసింది అంతే. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీకి నాకు మూడు వారాలు పట్టింది. ఇవాళ ఆ ఖాళీలో ఎర్రటి అక్షరాలు, ప్రహరీ గోడ మీద ఎన్నికల రాతల్లా:

"ఒక కాలు పొట్టిదా? ఒక పాదం పెద్దదా? సిగ్గుపడకండి. రండి, కూర్చోండి, మాట్లాడుకుందాం."

దాని కింద ఆరు ఫొటోలు. బూట్లవి కాదు, పాదాలవి. ఒరిగిన మడమ, ఆరు వేళ్ళు, వేళ్ళే లేని పాదం, ఆనెలు. ఫోన్‌తో తీసినవి. ఒకదాంట్లో పక్కన బకెట్ కూడా పడింది.

ఆవిడే ఫోన్ చేసింది, సంబరంగా. "చూశావా తల్లీ?"

"చూశానమ్మా. కొంచెం... ఎక్కువైందేమో."

"మధ్యలో అంత జాగా ఊరికే పడి ఉంది కదా. వృథా ఎందుకని వాడేశా. ఫొటోలు అందరినీ అడిగే తీశాన్లే. ఒకామె బస్సు కండక్టరు. ఒకాయన తాపీమేస్త్రి. ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది."

వృథా. నా మూడు వారాలు.

మార్చి 11, సోమవారం

పొద్దున్న ఆరున్నరకి ఇంట్లోంచే లోపలికి వెళ్ళాను. నా అడ్మిన్ పాస్‌వర్డ్ అన్ని సైట్లకీ పడుతుంది. ఎరుపు తీసి బూడిదరంగు పెట్టాను. మాటలు ముట్టుకోలేదు, ఫొటోలూ ముట్టుకోలేదు. రంగు ఒక్కటే. సర్దానంతే. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు గోడ మీద పటం వంకరగా ఉంటే తిన్నగా పెట్టమా?

ఇవాళ్టి నుంచే జడ్జీలు చూస్తారు.

మార్చి 12

కొలతలమ్మ ఫోన్. "తల్లీ, శనివారం ఎర్రగా పెట్టాను. ఇవాళ చూస్తే బూడిద పూసినట్టుంది. నేనేమైనా తప్పు నొక్కానా?"

"సేవ్ చేశారా అమ్మా?" అన్నాను.

అది ప్రశ్న. అబద్ధం కాదు.

మార్చి 13

మళ్ళీ ఎరుపు పెట్టింది. మళ్ళీ సర్దాను. రెండు ఫొటోలు కూడా. బకెట్ ఉన్నది ముందు.

మార్చి 14

ఆ రెండూ మళ్ళీ పెట్టింది. ఆరూ సర్దాను.

మార్చి 16, శనివారం

"నోట్‌బుక్‌లో రాసుకున్నా తల్లీ. 'ఆరు ఫొటోలు పెట్టాను, సేవ్ చేశాను' అని నా చేత్తో రాసుంది. తెల్లారి చూస్తే ఒక్కటీ లేదు. పెట్టినట్టు కలగన్నానా ఏంటి?"

"ఒక్కోసారి సరిగ్గా నొక్కకపోతే అలా అవుతుందమ్మా."

ఒక్కోసారి అవుతుంది కూడా. ఎవరికో ఒకరికి ఎక్కడో ఒకచోట అయ్యే ఉంటుంది.

ఆవిడ నోట్‌బుక్‌లో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత, "సరేలే, ఈసారి రెండుసార్లు నొక్కుతా" అంది.

మార్చి 17, ఆదివారం

తమ్ముడు భోజనానికి వచ్చాడు. రక్తపరీక్షల ల్యాబ్‌లో పని వాడికి, ఆదివారం ఒక్కటే సెలవు. పోటీ సంగతి అడిగితే సైటు చూపించాను. బాగుందన్నాడు. ముందు ఎలా పాడైందో, నేనెలా సర్దుతున్నానో కూడా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను.

"ఆవిడకి తెలుసా?"

"తెలియాల్సినంత పెద్ద విషయమేం కాదురా. పోటీ అయ్యేదాకానే. తర్వాత ఆవిడ ఇష్టం."

"ఫోన్ చేసి, 'అమ్మా, మూడు వారాలు ఆగండి' అంటే ఆగదా?"

ఆగుతుందేమో. ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టలేదనే రాస్తున్నాను.

"మా ల్యాబ్‌లో రిపోర్టు మీద అంకె మార్చి, సర్దానండీ అంటే ఉద్యోగంలోంచి తీసేస్తారక్కా."

"రక్తమూ రంగూ ఒకటేనా?"

"నాకేం తెలుసు" అన్నాడు. అన్నంలోకి తలవంచి తిని, చెయ్యి కడుక్కుని, మామూలుగా రెండు గంటలు పడుకునేవాడు పడుకోకుండా వెళ్ళిపోయాడు. వాడికి మొదట్నుంచీ నా పని అంటే చిన్నచూపే.

మార్చి 19

సర్దాను.

మార్చి 20

సర్దాను. ఈసారి ఆవిడ అక్షరాలు ఇంకా పెద్దవి చేసింది, పెద్దగా రాస్తే పోవన్నట్టు.

మార్చి 21, గురువారం

కొలతలమ్మ కొడుకు ఆఫీసుకి వచ్చాడు. ఓనరు గదిలో కూర్చోబెట్టి నన్ను పిలిచారు. నలభై ఏళ్ళ మనిషి. చేతులకి అంటిన జిగురుని ఒక వేలితో ఇంకో వేలు గీకుతూ కూర్చున్నాడు.

"అమ్మ విషయం మేడం. పెట్టాను పెట్టాను అంటుంది, చూస్తే ఉండదు. వారంలో నాలుగుసార్లు. మా అమ్మమ్మకి ఇలాగే మొదలైంది. పొయ్యి ఆర్పేశాను అనేది, వెలుగుతూ ఉండేది. అందుకే అడుగుదామని వచ్చా. సాఫ్ట్‌వేర్‌లో వాటంతటవే మారిపోవడం ఉంటుందా?"

నన్ను చూసే అడిగాడు. ఓనరు జవాబు చెప్పాడు. "ఛ, మా దాంట్లో అలాంటివి జరగవండీ. కావాలంటే రేపు హిస్టరీ తీసి చూద్దాం. ఎవరు ఏ నిమిషంలో ఏం చేశారో పేరుతో సహా ఉంటుంది."

"మీరేమంటారు మేడం?"

నేనేమీ అనలేదు.

తేలు కుట్టిన దొంగ అంటారు, నేను ఇన్నాళ్ళూ అది నవ్వుకోవడానికి చెప్పే మాటనుకున్నాను. అందులో నవ్వడానికేమీ లేదు.

మార్చి 22, శుక్రవారం

ఆరున్నరకి హిస్టరీ తుడిచేశాను. పాత కాపీలు పేరుకుపోతే సైటు నెమ్మదిస్తుంది. ఎప్పుడో చేయాల్సిన పని.

పదకొండింటికి ఓనరు తెరిచి చూసి, "మొదట్నుంచీ ఆన్ చేయలేదేమో" అన్నాడు. కొడుక్కి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. "సాఫ్ట్‌వేర్ తప్పేం లేదండీ. పెద్దవయసు కదా, మీరే కాస్త కనిపెట్టి ఉండండి."

మార్చి 27, బుధవారం

ఫొటోలు తీయాలన్న వంకతో వెళ్ళాను. ఎలా ఉందో చూసిరావాలనిపించింది, అంతే.

ఆ బస్సు కండక్టరు వచ్చి ఉంది. ఎడమకాలు పొట్టి. బల్ల మీద కూర్చోబెట్టి కొలతలమ్మ టేపు పట్టింది. ఆవిడ కొలవడం ఇదివరకు చూశాను. ఒక్కసారే టేపు పెడుతుంది, తీస్తుంది, అంకె చెబుతుంది, అయిపోతుంది. ఇవాళ పెట్టింది, తీసింది, "అంగుళమున్నర తేడా" అంది. నోట్‌బుక్‌లో రాసింది. రాసిన అంకె వంక చూసింది. మళ్ళీ టేపు పెట్టింది. "అంగుళమున్నరేనా?" అని కండక్టరునే అడిగింది.

"నాకేం తెలుసమ్మా" అని నవ్విందామె.

కొడుకు లేచి వచ్చి, "ఇలా ఇయ్యమ్మా" అని టేపు తీసుకున్నాడు. కరుగ్గా ఏమీ లాక్కోలేదు, చంటిపిల్ల చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు తీసుకున్నాడు. కొలిచి, "అంగుళంపావు" అన్నాడు. కొలతలమ్మ తను రాసింది కొట్టేసి వాడు చెప్పింది రాసుకుంది.

నేను ఫొటోలు తీసుకుని వచ్చేశాను. వెలుతురు బాగుంది.

ఏప్రిల్ 2, మంగళవారం

కొలతలమ్మ ఫోన్. "ఇక నావల్ల కాదు తల్లీ. నువ్వే చూసుకో. నా చేతుల్లో మాత్రం పెట్టొద్దు. కొలతలు కూడా వాడికే అప్పజెప్పాను. అంకెల్లో తప్పు పోతే కాలికి పుండు పడుతుంది. నాకెందుకొచ్చిన పాపం!"

డాక్టరుకి కూడా చూపించారట. బొమ్మలు చూపించి పేర్లు అడిగారట, అన్నీ చెప్పిందట. డాక్టరు ఇప్పటికి బాగానే ఉందన్నాడట. "మొదట్లో బయటపడదటలే" అని ఆవిడే నాకు సర్దిచెప్పింది.

ఏప్రిల్ 3

సైటు చాలా అందంగా ఉంది.

ఏప్రిల్ 6

గడువు నిన్నటితో అయిపోయింది. ఇక ఆవిడ ఏం మార్చుకున్నా నేను ముట్టుకోను. ఆవిడ ఏమీ మార్చడం లేదు.

ఏప్రిల్ 12, శుక్రవారం

రెండో బహుమతి. జడ్జీల మాట: "ఖాళీని ఇంత ధైర్యంగా వాడినవారు అరుదు."

ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఓనరు వెంటనే కూర్చుని తన చేతులతో తనే ఆ సర్టిఫికెట్టుని మా కంపెనీ మొదటి పేజీలో అతికించాడు. ఆ పేజీ గీసిందీ నేనే. చుట్టూ నారింజరంగు గీత, మూలన మెరిసే నక్షత్రం. "చూశావా, ఎంత తేలికో!" అన్నాడు.

సోమవారం కొలతలమ్మ చేతికి సర్టిఫికెట్టు ఇచ్చి ఫొటో తీసుకురమ్మన్నాడు.

ఏప్రిల్ 15, సోమవారం

వెళ్ళాను. సర్టిఫికెట్టు చూసి నాకంటే ఎక్కువ పొంగిపోయింది. పక్క షాపువాళ్ళని పిలిచి, "మా తల్లికి బహుమతొచ్చింది" అని చూపించింది. ఫొటోకి నిలబడటానికి చీర కొంగు సరిచేసుకుంటుండగా కండక్టరు కుంటుకుంటూ వచ్చింది. కొత్త బూటు చేతిలో ఉంది. మడమ వెనక పుండు, రూపాయి బిళ్ళంత.

"అడుగు వేస్తుంటే జారిపోతోందమ్మా. నాలుగు రోజుల్నుంచి డ్యూటీకి పోలేదు."

కొలతలమ్మ కింద కూర్చుని ఆ కాలు ఒళ్ళో పెట్టుకుంది. "నాదేనమ్మా తప్పు. వాడు చెప్పింది ఒకటైతే నేను రాసింది ఒకటై ఉంటుంది. నా బుర్ర ఈ మధ్య నిలవడం లేదు."

కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాడు చెప్పింది అంగుళంపావు, ఆవిడ రాసింది అంగుళంపావు. నేను విన్నాను, వాడికీ తెలుసు. వాడేమీ అనలేదు. ఏమీ అనకుండా వాడు నిలబడ్డ ఆ తీరు నాకు బాగా తెలిసిందే.

దూది కోసం ఆవిడ లోపలికి వెళ్ళినప్పుడు బల్ల మీది నోట్‌బుక్ తిప్పి చూశాను. మార్చి పేజీలు. "ఎర్ర రంగు పెట్టాను." "సేవ్ చేశాను." "రెండుసార్లు నొక్కాను." అన్నిటినీ తర్వాత ఎప్పుడో వేరే సిరాతో దిద్దింది. పెట్టాననుకున్నాను. చేశాననుకున్నాను. నొక్కాననుకున్నాను.

ఫొటో తీశాను. బాగా నవ్వింది.

ఏప్రిల్ 16

నా కంప్యూటర్లో ఒక పాత కాపీ మిగిలి ఉంది. ఎర్ర అక్షరాలు, ఆరు ఫొటోలు, బకెట్‌తో సహా. పొద్దున్నే అన్నీ తిరిగి పెట్టేశాను. పెద్ద అక్షరాలు ఆవిడ పెట్టినంత పెద్దగానే. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా సరిపోతుంది.

ఏప్రిల్ 17, బుధవారం

సరిపోలేదు.

తొమ్మిదింటికి ఫోన్. గొంతు చాలా చిన్నగా ఉంది. "తల్లీ, ఎర్ర అక్షరాలు మళ్ళీ వచ్చాయి. నేనెప్పుడు పెట్టాను? పదిహేను రోజులుగా కంప్యూటరు ముట్టుకోలేదనే అనుకుంటున్నాను. ముట్టుకున్నానన్నమాట. లేచి, కూర్చుని, ఇన్ని పనులు చేసి... నాకు బొత్తిగా గుర్తు లేదు."

"అమ్మా—"

"వాడికి చెప్పకు. రేపట్నుంచి షాపుకి కూడా రావద్దంటాడు."

ఏప్రిల్ 18, గురువారం

చెప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు గదిలో ఆవిడ, వెనక గదిలో మిషను మీద కొడుకు. కూర్చోమంది. నిలబడే చెప్పాను. "మీరేదీ మర్చిపోలేదమ్మా. మీరు పెట్టినవన్నీ పెట్టారు, సేవ్ చేశారు. రోజూ పొద్దున్న ఆరున్నరకి నేను తీసేశాను. మొన్న తిరిగి పెట్టిందీ నేనే."

నన్ను చాలాసేపు చూసింది. తర్వాత లేచి వచ్చి నా చెంప మీద చెయ్యి వేసింది. జిగురు వాసన.

"ఎంత మంచిదానివి తల్లీ. నేను బెంగపడుతున్నానని నీ నెత్తిన వేసుకుంటున్నావా?"

"కాదమ్మా. నిజం."

"నిజమే అయితే, ఎవరేం చేశారో అంతా దాచుకుంటుందన్నావుగా మొదటి రోజు. ఏదీ చూపించు."

"తుడిచేశాను."

"చూశావా!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు."

నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఇదే మొదటిసారి నాకు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పి నమ్మించడమే తేలిగ్గా జరిగిపోయింది.

"సరే, నువ్వే తీశావనుకో. ఎందుకు తీస్తావు? నీకూ నాకూ ఏం పగ?"

"పోటీ ఉందమ్మా. పేజీ అందంగా ఉండాలని."

"అందంగా అంటే?"

నేను కింద నా కాళ్ళ వంక చూసుకున్నాను.

"పాదాలు చూడ్డానికి బాగాలేవనా?"

"అవును."

అది నమ్మింది. అది నమ్మడం కళ్ళారా చూశాను. నా చెంప మీది చెయ్యి తీసేసుకుని రెండడుగులు వెనక్కి వేసి బల్ల మీద కూర్చుంది. మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఆ ఆరుగురూ ఇంట్లోవాళ్ళ ముందు కూడా మేజోళ్ళు విప్పరు" అంది. "మీ కాలికేం తక్కువ, నలుగురికీ చూపించొచ్చు అని ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి ఒప్పించాను. తెలుసా నీకు?"

కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. వాళ్ళమ్మని చూసి, "కండక్టరు కాలు కూడా నువ్వన్నదే కరెక్టమ్మా. అంగుళమున్నరే. మళ్ళీ కొలిచి చూశా. నీకు చెప్పలేదు" అన్నాడు.

ఆవిడ వాడి వంకా చూడలేదు, నా వంకా చూడలేదు. అరల్లో చెక్క పాదాల వంక చూస్తూ కూర్చుంది. తర్వాత నాతోనే అంది.

"నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. నమ్మితే పోతుందనుకున్నావా? షాపు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కి వస్తున్నా. రోజూ. వేసే ఉంటోంది. అయినా వస్తున్నా. అది కూడా సర్దుతావా?"

ఏం చెయ్యమంటారమ్మా అని అడిగాను. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి ఆరు ఫోను నంబర్లు రాసింది. చూసుకోకుండా రాసింది, ఆరూ.

"ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి చెప్పు. మీ కాలు బాగాలేదని తీసేశానండీ అని. నువ్వే చెప్పు. తర్వాత ఇక ఇక్కడికి రాకు తల్లీ."

ఏప్రిల్ 19

ఓనరుకి చెప్పాను. తలుపేసి వచ్చి, "ఈ గది దాటనివ్వకు. బహుమతి పోతుంది" అన్నాడు. మధ్యాహ్నానికి నా అడ్మిన్ పాస్‌వర్డ్ పనిచేయడం మానేసింది. పోటీవాళ్ళకి ఉత్తరం రాశాను. ఇంకా పంపలేదు.

ఏప్రిల్ 21, ఆదివారం

తమ్ముడు రాలేదు.

అయిదు ఫోన్లు చేశాను. ఒకామె ఆ ఫొటో సంగతే మర్చిపోయానంది. ఇంకొకామె పోతే పోయిందిలే అంది. ఒకాయన ఏదీ వినకుండా రాంగ్ నంబర్ అన్నాడు. ఒక కాలేజీ అమ్మాయి అంతా విని, "ఓకే" అని పెట్టేసింది. కండక్టరు తిట్టింది. తిట్టినంతసేపూ నాకు కాస్త హాయిగానే ఉంది, ఆ సంగతి కూడా రాసుకోవాలి.

ఏప్రిల్ 22, సోమవారం

పొద్దున్న మళ్ళీ రాంగ్ నంబరాయనకే చేశాను. ఎత్తలేదు. చివరిది తాపీమేస్త్రి. పని మీద ఉన్నట్టున్నాడు, వెనక ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు. చెప్పాల్సిన వాక్యం చెప్పాను. మీ కాలు బాగాలేదని తీసేశానండీ.

"ఏది, కొలతలమ్మ దాంట్లోనా?"

"అవునండీ."

"అంటే, ఆవిడ తీయలేదా?"

"లేదండీ. నేనే తీశాను. ఆవిడ మళ్ళీ మళ్ళీ పెట్టింది."

జల్లెడ చప్పుడు ఆగింది. "మా ఆవిడకి చూపిద్దామని తెరిస్తే కనబడలేదు. ఆవిడక్కూడా ఆఖరికి చూడబుద్ధి కాలేదు కాబోలు అనుకున్నా. కొత్త జతకి కొలతలు ఇవ్వాల్సింది, పోలేదు. పాతదాంట్లోనే గుడ్డ కుక్కుకుని తిరుగుతున్నా."

నేను క్షమించమన్నాను. అతను దాన్ని పట్టించుకున్నట్టు లేదు.

"అయితే రేపు పోవచ్చా? ఆవిడే కొలుస్తుందా? ఆ అబ్బాయి కొలిస్తే నాకు కుదరదు."

"వెళ్ళండి. ఆవిడే కొలుస్తుంది" అన్నాను. కొలుస్తుందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే అన్నాను, అలవాటు.

ఏప్రిల్ 23, మంగళవారం

సాయంత్రం కొలతలమ్మ కొడుకు ఫోన్ చేశాడు. నేను హలో అనేలోపే చెప్పడం మొదలుపెట్టాడు.

"మేస్త్రి వచ్చాడు మేడం. నేను టేపు తీస్తే కాలు వెనక్కి లాక్కున్నాడు. చేసేది లేక అమ్మే కూర్చుంది."

"కొలిచిందా?"

"కొలిచింది. మూడుసార్లు" అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.